చెన్నైలో ఒళ్లు జలదరించే చరిత్ర: ఎటు వెళ్లాలి, ఏది వదిలేయాలి

ఊరి నుంచి చుట్టాలొస్తే మొదటి రోజు మెరీనా, కపాలీశ్వరాలయం, సాయంత్రం టీనగర్ అయిపోతాయి. రెండో రోజు పొద్దున్న కాఫీ తాగుతూ ఇంజనీరింగ్ చదివే కుర్రాడో, క్రైమ్ కథలు తప్ప ఇంకేమీ చదవని మరదలో "ఇక్కడ భయంకరమైనవి, వింతవి ఏమైనా ఉన్నాయా?" అని అడుగుతారు. ఉన్నాయి, చాలా ఉన్నాయి. కాకపోతే నెట్‌లో వెతికితే అవే నాలుగు దెయ్యాల జాబితాలు తిప్పి తిప్పి కనిపిస్తాయి, అసలు సరుకు వాటిలో ఉండదు. ఈ ఊళ్లో నరబలికి వాడిన స్తంభం ఉంది, ఒక కెప్టెన్‌ని కుక్కిన పంజరం ఉంది, ఒకప్పుడు ఫిరంగుల కింద పరిచిన సమాధి రాళ్లున్నాయి, కరువులో ఆకలికి సొమ్మసిల్లుతూ జనం తవ్విన కాలువ మనం రోజూ ముక్కు మూసుకుని దాటే వంతెన కిందే ఉంది. ఒక్క రోజులో అన్నీ కుదరవు. అందుకే ఏది ఎవరికి సరిపోతుందో, నేనైతే దేన్ని ముందు పెడతానో రాస్తున్నాను.

ఎంచుకునే ముందు

మొట్టమొదట చూడాల్సింది కథ వెనక కాగితం ఉందా లేదా అని. "మా ఫ్రెండ్ వాళ్ల అన్నయ్య చూశాడట" అని మొదలయ్యే దానికీ, ఒక అధికారి తేదీ వేసి సంతకం పెట్టిన నివేదికకీ చాలా దూరం. నా వరకు రెండోదే ఎక్కువ భయపెడుతుంది, ఎందుకంటే అది రాసినవాడు మనల్ని భయపెట్టడానికి రాయలేదు, జీతానికి రాశాడు.

తర్వాత, అక్కడికి వెళ్తే కళ్లతో చూడ్డానికి వస్తువు ఏదైనా ఉందా, లేక ఖాళీ గోడ ముందు నిలబడి మనమే ఊహించుకోవాలా. చాలా "హాంటెడ్" చోట్లు ఇక్కడే తన్నేస్తాయి.

వెంట ఎవరున్నారన్నది కూడా ముఖ్యం. ఆరేళ్ల పిల్లకి పంజరం చూపించొచ్చు, బలి సంగతి వివరించలేం. మోకాళ్ల నొప్పులున్న పెద్దమ్మని కొండ మెట్లెక్కించలేం. ఇక్కడి ఎండ సంగతి చెప్పక్కర్లేదు, ఏప్రిల్ నుంచి జూన్ దాకా పదకొండు దాటాక బయట నడిచే ప్లాన్ ఏదైనా సరే మానేయండి. సెలవు రోజు కూడా చూసుకోండి: ఎగ్మోర్ మ్యూజియం, కోట మ్యూజియం రెండూ శుక్రవారమే మూస్తారు. చాలామంది సోమవారం అనుకుని శుక్రవారం వెళ్లి గేటు దగ్గర నుంచి వెనక్కి వస్తారు.

ఇంకొకటి ఉంది, దీన్ని ఎవరూ పట్టించుకోరు. ఆ చోటు ఇప్పటికీ ఎవరికైనా ప్రార్థనా స్థలమా, అక్కడ ఇంకా ఎవరైనా బతుకుతున్నారా? అలాంటి చోట ఫోన్ ఎత్తి రీల్ తీయడం మొదలుపెడితే మనమే వింత జంతువుల్లా కనిపిస్తాం.

ఎగ్మోర్ మ్యూజియం: మెరియా స్తంభం

1851లో మొదలైన ప్రభుత్వ మ్యూజియం ఇది. అందరూ కంచు నటరాజు కోసం వెళ్తారు, మన తెలుగు చుట్టాలైతే అమరావతి శిల్పాల ముందు నిలబడి "మన రాళ్లు ఇక్కడెందుకున్నాయి?" అని ఒక రౌండ్ గొడవేసుకుంటారు. ఆ గొడవ అయ్యాక మానవశాస్త్ర విభాగానికి నడవండి. అక్కడ ఏనుగు తల, తొండం ఆకారంలో చెక్కిన కొయ్య ఉంటుంది. మామూలుగా చూస్తే ఏ పాత రథానిదో ముక్క అనుకుని దాటిపోతారు. అది మెరియా స్తంభం, అంటే గంజాం కొండల్లోని కోందులు అనే తెగవాళ్లు భూదేవికి మనిషిని బలిచ్చేటప్పుడు కట్టేసిన కొయ్య.

గంజాం 1936లో ఒడిశా రాష్ట్రం ఏర్పడేదాకా మద్రాసు ప్రెసిడెన్సీలోనే ఉండేది, కాబట్టే ఆ కొయ్య ఇక్కడికి చేరింది. బలికి ఉంచిన మనిషిని మెరియా అనేవారు. కొని తెచ్చినవాళ్లు, చాలాసార్లు మైదాన ప్రాంతాల నుంచి ఎత్తుకొచ్చిన పిల్లలు. వింత ఎక్కడంటే, ఆ మనిషిని ఏళ్ల తరబడి బాగా చూసుకునేవారు, తిండి పెట్టేవారు, గౌరవించేవారు, కొందరికి పెళ్లి చేసి పొలం కూడా ఇచ్చేవారు. ఆ తర్వాత ఒక రోజు వస్తుంది. పసుపు పంటకి మంచి రంగు రావాలంటే నేల మీద రక్తం పడాలని నమ్మకం. చిన్న కిమిడి వైపు స్తంభం మీద తిరిగే కొయ్య ఏనుగుని పెట్టి, దాని తొండానికి మనిషిని కట్టి గిరగిరా తిప్పుతుంటే జనం కత్తులతో మీద పడేవారని, కొన్ని ఊళ్లలో అలాంటి ఏనుగులు పద్నాలుగు దాకా చూశానని ఆ బలులు ఆపడానికి వెళ్లిన జాన్ కాంప్‌బెల్ అనే సైనికాధికారి రాశాడు. ఆ మాంసం ముక్కల్ని ఎవరి పొలంలో వాళ్లు పాతిపెట్టుకునేవారు.

గంజాం కొండల్లో రికార్డుకెక్కిన చివరి మెరియా బలి 1852లో జరిగింది. 1901 జనాభా లెక్కల్లో 25 మంది తమని తాము "మెరియా" అని రాయించుకున్నారు. బలికి ఉంచగా అధికారులు విడిపించినవాళ్ల సంతానం వాళ్లు. ఒక్కసారి ఆలోచించండి, మా తాతని చంపడానికి పెంచారు అన్నది ఒక కుటుంబానికి గుర్తింపు అయిపోయింది.

దీనికి రెండో వైపు కూడా ఉంది. బలులు జరిగాయన్నది నిజమే అయినా, ఎంత జరిగాయన్నది ఈస్టిండియా కంపెనీ అధికారులు పెంచి రాశారని, కొండల మీదికి సైన్యాన్ని పంపడానికి అది మంచి సాకుగా పనికొచ్చిందని వాదించే చరిత్రకారులున్నారు. ఈ సంగతి తెలియకుండా ఆ కొయ్య ముందు నిలబడితే "అడవి మనుషులు ఎంత క్రూరులో" అనుకుని బయటికొచ్చేస్తాం. ఇదే మ్యూజియానికి 1885 నుంచి 1908 దాకా పెద్దగా ఉన్న ఎడ్గర్ థర్స్టన్ దక్షిణాది కులాల, తెగల మనుషుల తలలు, ముక్కులు పరికరాలతో కొలిచి పట్టికలు వేసినవాడు. నన్నడిగితే ఆ కొలత పరికరాల్ని కూడా స్తంభం పక్కనే పెట్టాలి, వింత వస్తువుల్లో అవీ ఒకటి.

లోటుపాట్లు చెప్పాలంటే, వివరణ బోర్డులు క్లుప్తంగా ఉంటాయి, ముందు చదువుకోకుండా వెళ్తే ఏమీ అర్థం కాదు. గ్యాలరీలు విడివిడి భవనాల్లో ఉంటాయి, మరమ్మతులని ఏదో ఒకటి మూసి ఉండటం మామూలే, టికెట్ తీసుకునే ముందే అడగండి. పిల్లలుంటే జంతు విభాగంలో తిమింగలం అస్థిపంజరం దగ్గర వాళ్లని ఇంకొకరికి అప్పజెప్పి మీరు ఇటు రండి.

సెయింట్ జార్జి కోట: పంజరం, సమాధి రాళ్లు, మన మన్రో

ఇది నా మొదటి ఓటు, ముందే చెప్పేస్తున్నా.

కోటలోనే సచివాలయం ఉంది కాబట్టి గేటు దగ్గర తనిఖీ ఉంటుంది, గుర్తింపు కార్డు జేబులో పెట్టుకోండి. కోట మ్యూజియం భవనం 1795 నాటిది. లోపల బొమ్మలు, నాణేలు, తుపాకులు, పెద్ద పెద్ద తైలవర్ణ చిత్రాలు ఉంటాయి, అవన్నీ చూస్తూ పోతుంటే ఒక చోట కొయ్య కడ్డీల పంజరం కనిపిస్తుంది. కోళ్ల గంపకన్నా కాస్త పెద్దది. అందులో మనిషిని పెట్టారు. 1840లో మొదటి నల్లమందు యుద్ధంలో మద్రాసు ఫిరంగి దళానికి చెందిన కెప్టెన్ ఫిలిప్ ఆన్‌స్ట్రూథర్ చైనా తీరంలోని చుసాన్ దీవిలో సర్వే చేస్తూ దొరికిపోయాడు. నింగ్బోకి తీసుకెళ్లి కాళ్లూ చేతులకి సంకెళ్లేసి ఇందులో కూర్చోబెట్టారు. సుమారు గజం పొడవు, గజం ఎత్తు. నిలబడలేడు, కాళ్లు చాపలేడు. ఆయన బొమ్మలు బాగా వేసేవాడు, చూడ్డానికి వచ్చిన అధికారుల బొమ్మలు గీసిచ్చి కాస్త మంచి తిండి సంపాదించుకున్నాడు. 1841 ఫిబ్రవరిలో విడుదలయ్యాడు, పంజరం మద్రాసు చేరింది.

ఇక్కడ కాస్త ఆగి చూడండి. పక్కన నిలబడి మీ మోకాళ్లు ఎక్కడ పెట్టుకునేవారో లెక్కేసుకోండి, ఏ వీడియో ఇవ్వని అనుభవం అది. ఇంకో మాట, ఆ యుద్ధం జరిగిందే ఇండియాలో పండించిన నల్లమందుని చైనాకి అమ్మడం కోసం, కాబట్టి కెప్టెన్ గారి మీద జాలిపడే ముందు ఆయన అక్కడికి ఏ పని మీద వెళ్లాడో కూడా గుర్తుంచుకోండి.

మ్యూజియం నుంచి కొన్ని అడుగుల్లోనే సెయింట్ మేరీస్ చర్చి. 1680లో ప్రారంభమైంది. దాని చుట్టూ ఉన్న ఆవరణలో మీరు నడిచే నేలంతా సమాధి రాళ్లే. లాటిన్, పోర్చుగీసు, అర్మేనియన్, ఇంగ్లీషు అక్షరాలు, కొన్ని అరిగిపోయి వేలితో తడిమితే గానీ తెలియవు. కానీ ఆ రాళ్ల కింద మనుషులు లేరు! అసలు శ్మశానం ఇప్పటి హైకోర్టు, పాత లా కాలేజీ ఉన్న చోట ఉండేది. 1758 డిసెంబరులో లాలీ నాయకత్వంలో ఫ్రెంచివాళ్లు మద్రాసుని ముట్టడించినప్పుడు అక్కడి పెద్ద పెద్ద గోరీల చాటున దాక్కుని కోట మీద కాల్పులు జరిపారు. ముట్టడి ముగిశాక ఇంగ్లీషువాళ్లు "మళ్లీ ఈ గొడవ వద్దు" అని గోరీలు పడగొట్టి, రాళ్లు మాత్రం తెచ్చి చర్చి చుట్టూ పరిచారు. అవి అక్కడైనా ప్రశాంతంగా ఉన్నాయా అంటే లేదు, హైదర్ అలీ దండెత్తి వచ్చినప్పుడు వాటిని లేపి బురుజుల మీద ఫిరంగులు నిలబెట్టడానికి వాడారు, తర్వాత మళ్లీ ఇక్కడికి తెచ్చారు. 1652లో చనిపోయిన ఎలిజబెత్ బేకర్ రాయి వీటిలో ఉంది, ఇండియాలో అన్నిటికన్నా పాత ఇంగ్లీషు సమాధి రాయి అదేనంటారు.

పడగొట్టకుండా వదిలేసినవాటిలో ఒకటి ఇప్పటికీ లా కాలేజీ ఆవరణలోనే నిలబడి ఉంది. అందులో జోసెఫ్ హిన్మర్స్ అనే కంపెనీ ఉద్యోగి ఉన్నాడు, 1680లో పోయాడు. ఆయన భార్య కేథరిన్ అదే ఏడాది ఎలిహు యేల్‌ని పెళ్లి చేసుకుంది, అమెరికాలో విశ్వవిద్యాలయానికి పేరిచ్చిన యేల్ ఈయనే. వాళ్ల కొడుకు డేవిడ్ పసివాడిగా ఉండగానే చనిపోతే తల్లి మొదటి భర్త గోరీలోనే పెట్టారు. పార్కింగ్‌కి చోటు కావాలన్న గొడవలో ఆ గోరీని తరలించమని 2023లో హైకోర్టు చెప్పడంతో అది వార్తల్లోకి కూడా వచ్చింది. లోపలికి వెళ్లాలంటే అనుమతి అడగాలి, వదలకపోతే వాదించకండి.

తెలుగువాళ్లకి అసలైన కథ చర్చి లోపలుంది. థామస్ మన్రో సమాధి. రాయలసీమలో పిల్లలకి మన్రోలప్ప అని పేరు పెట్టుకునేంతగా జనం తలుచుకున్న దొర. 1827లో గవర్నరుగా ఉండి సీమ పర్యటనకి వెళ్లి, జులై 6న కర్నూలు జిల్లా పత్తికొండలో కలరా తగిలి ఆ రోజే పోయాడు. గుత్తిలో పూడ్చారు, 1831లో తవ్వి తీసి ఇక్కడికి తెచ్చారు. ఇది రికార్డు. జనం చెప్పుకునేది ఇంకోటుంది: కడప జిల్లా గండి దగ్గర పాపఘ్ని నది కొండల మధ్య నుంచి వెళ్తూ ఆయన తలెత్తి "ఆ బంగారు తోరణం ఎవరు కట్టారు?" అని అడిగాడట, పక్కనున్నవాళ్లకి ఏమీ కనపడలేదట, అది కనిపించినవాళ్లు పుణ్యాత్ములు కానీ ఎక్కువ రోజులు బతకరు అని ఒక ముసలాయన గొణిగాడట. మా రాయలసీమ చుట్టాలకి ఈ సమాధి ముందు నిలబడి ఈ కథ చెబితే ఇక ఏ పంజరమూ గుర్తుండదు. మౌంట్ రోడ్డు పక్కన జీను లేకుండా గుర్రం మీద కూర్చున్న విగ్రహం ఈయనదే, తిరిగి వెళ్లేటప్పుడు బస్సులోంచి చూపించొచ్చు.

శాంథోమ్, పరంగిమలై: ఎముక, ఈటె, చెమర్చిన శిలువ

ఇక్కడ కాగితం తక్కువ, నమ్మకం ఎక్కువ. ఏసు శిష్యుడు థామస్‌ని క్రీ.శ. 72లో ఈ పరిసరాల్లోని కొండ మీద ఈటెతో పొడిచి చంపారని, శాంథోమ్‌లో పూడ్చారని సంప్రదాయం. ఇప్పుడున్న బసిలికా భవనం 1896 నాటిది. సమాధి కింది గదిలో ఉంటుంది, అక్కడి మ్యూజియంలో ఈటె మొన, చిన్న ఎముక ముక్క దాచారు. 13వ శతాబ్దంలో ఇటు వచ్చిన మార్కోపోలో కూడా ఈ సమాధి గురించి రాశాడు, అక్కడి మట్టి నీళ్లలో కలిపి జ్వరాలకి తాగుతారని.

పరంగిమలై, అంటే సెయింట్ థామస్ మౌంట్ మీద 1547లో పోర్చుగీసువాళ్లు పునాది తవ్వుతుంటే పాత పర్షియా లిపి పహ్లవీలో అక్షరాలున్న రాతి శిలువ దొరికింది. 1558 డిసెంబరు 18న ప్రార్థన జరుగుతుండగా అది రక్తంలా చెమర్చిందని, 1704 దాకా అప్పుడప్పుడు అలాగే జరిగిందని చెబుతారు. మీరు నమ్ముతారా లేదా అన్నది పక్కన పెట్టి, శిలువ మటుకు నిజంగా పాతది, చూడదగ్గది. కొండ ఎక్కే మెట్లు కట్టించిన అర్మేనియన్ వర్తకుడు కోజా పెట్రస్ ఉస్కాన్ కథ నాకు శిలువకన్నా వింత. 1751లో మద్రాసులో పోయాడు, ఒళ్లు వేపేరిలోని సెయింట్ మథయాస్ చర్చిలో ఉంది, గుండె మాత్రం వీలునామా ప్రకారం తీసి పర్షియాలోని జుల్ఫా పంపారు, అక్కడ పూడ్చారు.

శుక్రవారం వచ్చినవాళ్లకి ఇది పనికొస్తుంది, టికెట్ లేదు, కొండ మీద గాలి బాగుంటుంది. పెద్దవాళ్లుంటే మెట్లు వద్దు, పైదాకా రోడ్డుంది, ఆటో మాట్లాడుకోండి. ప్రార్థన చేసుకునేవాళ్లుంటారు, గొంతు తగ్గించండి.

బకింగ్‌హామ్ కాలువ, కన్నెమరా లైబ్రరీ: కాగితాల మీది ఘోరం

దీన్ని ఎవరూ టూర్‌లో పెట్టరు. ఎంఆర్‌టీఎస్ రైలు స్తంభాల కింద నల్లగా కుళ్లిన నీళ్లు కనిపిస్తాయి చూడండి, అందులో అడయారు, కూవం నదుల్ని కలిపే ముక్క 1877, 1878లలో ధాత కరువు పనుల కింద తవ్వినది. కాకినాడ వైపు నుంచి పడవలు వచ్చే పెద్ద జలమార్గంలో అది ఒక భాగం. ఆ కరువులో దక్షిణాదిన, దక్కనులో కలిపి 50 లక్షల మందికి పైగా పోయారు. విక్టోరియా రాణిని ఇండియాకి చక్రవర్తినిగా ప్రకటించిన ఢిల్లీ దర్బారు 1877 జనవరి 1న జరిగింది, అదే నెలలో ఖర్చు తగ్గించమని పంపిన రిచర్డ్ టెంపుల్ వచ్చి కరువు పనుల్లో కూలికి రోజుకి ఒక పౌను, అంటే 450 గ్రాముల గింజలు చాలన్నాడు. మద్రాసు పారిశుధ్య కమిషనర్ డాక్టర్ కార్నిష్ ఆ తిండితో మట్టి మోసేవాడు బతకడని లెక్కలేసి వాదించాడు. ఇద్దరూ ఉత్తరాలు రాసుకుంటుంటే జనం పోతున్నారు.

ఆ కరువు ఫోటోలు తీసింది విలోబీ హూపర్ అనే సైనికాధికారి. ఎముకలు తేలినవాళ్లని వరసగా కూర్చోబెట్టి తీశాడు, తీసి తిండి పెట్టకుండా పంపేశాడని అప్పట్లోనే తిట్టారు. ఇదే మనిషి 1886లో బర్మాలో మరణశిక్షలు ఫోటో తీస్తూ కాల్చే క్షణం కెమెరాకి కుదరాలని చూశాడన్న ఆరోపణ మీద విచారణ కూడా జరిగింది. ఆ ఫోటోలు వెతికి చూసేముందు ఒకసారి ఆలోచించుకోండి, రాత్రి నిద్ర పట్టదు. నేను పిల్లలకి చూపించను.

ఇంకొకటి, 1855 నాటి మద్రాసు చిత్రహింసల కమిషన్ నివేదిక. శిస్తు బకాయిల కోసం రైతుల వేళ్లని కొయ్య బిగింపులో నొక్కడం, దాన్ని కిట్టి అనేవారు, మెడని కాళ్లకి వంచి కట్టి ఎండలో నిలబెట్టి వీపు మీద రాయి పెట్టడం, అన్నీ ఒకదాని వెనక ఒకటి సాక్ష్యాలతో. ఆ కమిషన్ రావడానికి గట్టిగా పోరాడింది మన తెలుగు వర్తకుడే, గాజుల లక్ష్మీనరసు శెట్టి. 1844లో క్రెసెంట్ పత్రిక పెట్టాడు, 1852లో మద్రాస్ నేటివ్ అసోసియేషన్ మొదలుపెట్టాడు, మరుసటేడు బ్రిటిష్ పార్లమెంటు సభ్యుడు డాన్బీ సీమోర్ వస్తే జిల్లాలు చూపించాడు. ఇంత చేసిన మనిషి గురించి మన స్కూలు పుస్తకాల్లో రెండు లైన్లు కూడా కనపడవు, అది వేరే గోల. ఎగ్మోర్ మ్యూజియం ఆవరణలోనే ఉన్న కన్నెమరా లైబ్రరీకి వెళ్లి పాత మద్రాసు పుస్తకాలు అడగండి, ఓపిక ఉన్నవాళ్లకి రోజు ఎలా గడిచిందో తెలియదు. ఓపిక లేనివాళ్లకి పరమ బోరు, నిజం చెప్పేస్తున్నా.

దెయ్యాల జాబితా

డి మాంటీ కాలనీ, అడయారు విరిగిన వంతెన, పాత భవనాలు. ఇవి త్వరగా తేల్చేద్దాం. ఆళ్వార్‌పేటలో ఆ కాలనీకి పేరిచ్చిన జాన్ డి మాంటీ నిజమైన మనిషే, పోర్చుగీసు మూలాలున్న పెద్ద వర్తకుడు, 1821లో పోయాడు, ఆస్తి మైలాపూరు చర్చికి వెళ్లింది, సమాధి కోవళంలో ఉంది. మిగతాదంతా కల్పన. లోపలికి రానివ్వరు, గోడ దూకితే దెయ్యం కాదు పోలీసులు పట్టుకుంటారు. విరిగిన వంతెన 1977లో వరదకి కొట్టుకుపోయింది, సాయంత్రం సముద్రం కోసం అయితే వెళ్లండి, చీకటి పడ్డాక వద్దు, కారణం ఆత్మలు కాదు, తాగి తిరిగేవాళ్లు.

కొన్ని జాబితాల్లో కీల్పాక్ మానసిక ఆసుపత్రిని కూడా పెడతారు. అక్కడ వైద్యం చేయించుకుంటున్న మనుషులుంటారు. పోవద్దు.

హడావిడిలో ఉన్నవాళ్లకి

| ఎక్కడ | చూసేది | ఆధారం | పిల్లలతో | చికాకు |
|---|---|---|---|---|
| ఎగ్మోర్ మ్యూజియం | మెరియా స్తంభం | బలమైనది, కానీ కంపెనీ వైపు నుంచి | పదేళ్లు దాటితే, కొంత దాచి | బోర్డులు తక్కువ, శుక్రవారం మూత |
| కోట | పంజరం, సమాధి రాళ్లు, మన్రో | చాలా బలమైనది | హాయిగా | తనిఖీ, మ్యూజియం శుక్రవారం మూత |
| శాంథోమ్, పరంగిమలై | సమాధి, శిలువ | ఎక్కువగా సంప్రదాయం | పర్వాలేదు | రెండింటి మధ్య దూరం |
| కాలువ, కన్నెమరా | కాగితాలు, పుస్తకాలు | అన్నిటికన్నా గట్టిది | వద్దు | కాలువ వాసన, ఓపిక |
| దెయ్యాల చోట్లు | గేటు | లేదు | వద్దు | పోలీసులు |

మరి మీకేది?

మొదటిసారి చెన్నై వచ్చి ఒక్క పూటే ఉంటే కోట, రెండో ఆలోచన వద్దు. వస్తువుంది, కథ వెనక రికార్డుంది, చర్చిలో నీడుంది, భయపడేవాళ్లకి భయపడాల్సినంత, వద్దనేవాళ్లకి జాతీయ జెండా, పాత నాణేలు ఉన్నాయి. 1947 ఆగస్టు 15న ఇక్కడ ఎగరేసిన జెండాని ఈ మ్యూజియంలోనే భద్రపరిచారు, పెద్దవాళ్లు దాని ముందే ఎక్కువసేపు నిలబడతారు.

మీ ఇంటి కుర్రాడికి నిజంగా కడుపులో దేవినట్టు అయ్యేదే కావాలంటే మెరియా స్తంభం, కానీ వెళ్లే ముందు రాత్రి ఇంట్లో కూర్చోబెట్టి కోందుల వైపు మాట కూడా చెప్పండి. లేకపోతే వాడు అక్కడ సెల్ఫీ తీసుకుని కింద ఏం రాస్తాడో మీరూ ఊహించగలరు.

చరిత్ర చదివే అలవాటున్నవాళ్లు, ముఖ్యంగా రిటైరైన మాస్టార్లు, కన్నెమరాలో వదిలేస్తే సాయంత్రం దాకా మీ జోలికి రారు. గట్టి మనసు లేనివాళ్లకి, గర్భిణులకి, ఈ మధ్యే ఇంట్లో ఎవరినైనా పోగొట్టుకున్నవాళ్లకి స్తంభం, కరువు ఫోటోలు రెండూ వద్దు. వాళ్లని పరంగిమలై తీసుకెళ్లండి, పైనుంచి విమానాలు దిగడం కనిపిస్తుంది, వింతకి వింత, గాలికి గాలి.

రోజంతా ఉంటే పొద్దున్నే ఎండ ముదరకముందే కోట మొదలుపెట్టి, పదకొండుకల్లా చర్చిలోకి చేరుకుని, కోట దగ్గరి ప్యారిస్ కార్నర్ వైపు భోజనం ముగించి, ఆటోలో ఎగ్మోర్ వచ్చి మధ్యాహ్నం మ్యూజియం లోపల గడిపేయండి. సాయంత్రం ట్రైను ఎగ్మోర్ నుంచైతే స్టేషన్ దగ్గరే, సెంట్రల్ నుంచైతే ట్రాఫిక్‌ని నమ్మకుండా మెట్రో ఎక్కండి. శుక్రవారమైతే ఈ ప్లాన్ పక్కన పెట్టి ముందు శాంథోమ్, తర్వాత వేపేరి, చివర్లో కొండ.